నాన్న కొలతల పుస్తకం

నాన్న సంవత్సరీకం అయిన మర్నాడు తమ్ముడు మంచం కింది రేకుపెట్టె బయటికి లాగాడు. తాళంచెవి ఎప్పుడో పోయింది. గొళ్లేనికి గుడ్డపీలిక కట్టి ఉంది, అది కూడా నాన్న వేసిన ముడే. మూత ఎత్తగానే ముందు కలరా ఉండల వాసన కొట్టింది. తర్వాత మిషను నూనె. ఆ రెండూ తేలిపోయాక అడుగు నుంచి అసలు వాసన వచ్చింది, కొత్త యూనిఫాం గుడ్డది. గంజి వాసన, కొంచెం కొత్త పుస్తకం వాసన. చిన్నప్పుడు మా ఇల్లంతా ఇదే ఉండేది. బడిలో పక్క పిల్ల "నీ జడ కూడా గుడ్డల కొట్టు వాసనేస్తాదే" అనేది.

పెట్టెలో పెద్దగా ఏమీ లేవు. అంకెలు చెరిగిపోయిన టేపు, మార్కింగ్ చాక్ ముక్కలు, నాలుగు లాంగు నోటుబుక్కులు, పేపర్లో చుట్టి పురికొస కట్టిన ఖాకీ గుడ్డ ఒకటి. ఆ గుడ్డ మీద గుండుసూదితో చీటీ గుచ్చి ఉంది. సూది తుప్పుపట్టి కాగితాన్ని సగం తినేసింది.

నోటుబుక్కు తెరిస్తే నవ్వొచ్చింది. చేతిరాత నాదే.

నాన్న ఐదో తరగతితో చదువు ఆపేసి, చీపురుపల్లి దగ్గర ఊరి నుంచి మేనమామ వెంట గాజువాక వచ్చినవాడు. రాయడం వచ్చు గానీ, టేపు పట్టుకుని కొలుస్తూ రాయడం కుదరదు కదా. "రాయే గుంటా" అంటే ఆరో తరగతి నుంచి నేనే రాసేదాన్ని. పొ అంటే పొడవు, న అంటే నడుము, ఛా అంటే ఛాతీ. పేరు పక్కన కంపెనీ వాళ్లిచ్చిన టోకెన్ నంబరు తప్పనిసరి. గాజువాకలో "అప్పారావు" అని పిలిస్తే పదిమంది తిరిగి చూస్తారు, "సన్యాసిరావు" అంటే పాతికమంది. నంబరు రాయకపోతే ఒకరి ప్యాంటు ఇంకొకరు వేసుకెళ్లిపోతారు. రెండుసార్లు అలాగే అయింది కూడా.

* * *

ఆ రోజుల్లో ప్రభుత్వ కంపెనీల్లో పర్మినెంటు వాళ్లకి ఏటా యూనిఫాం గుడ్డ ఇచ్చేవారు. కుట్టుకూలి డబ్బులు జీతంతో కలిపి వచ్చేవి. ఒక్కో కంపెనీది ఒక్కో రంగు, పంచే నెల కూడా వేరు. "మావాళ్లు గుడ్డ ఇచ్చేశారు మాస్టారూ" అని ఒక్కడు చెప్పి వెళితే చాలు, నాన్న లేచి సిమెంటు తొట్టి కడిగేవాడు. గుడ్డ రాత్రంతా నీళ్లలో నానాలి. పిండకుండా ఆరేయాలి. అప్పుడే కత్తెర పెట్టాలి. లేకపోతే మొదటి ఉతుక్కే ప్యాంటు చీలమండ ఎక్కేస్తుంది.

ఒకసారి దసరా ముందు తొందరలో ఆరు జతలు నానబెట్టకుండా కుట్టేశాడు. పది రోజులకి ఆరుగురూ కలిసే వచ్చారు, ఆ ప్యాంట్లు వేసుకునే. "ఏటి మాస్టారూ, గెడ్డ దాటిస్తావనుకున్నాం, తీరా చూస్తే నీళ్లే లేవు" అన్నాడు వాళ్లలో పెద్దాయన. అందరూ నవ్వారు, నాన్న నవ్వలేదు. తన డబ్బులతో గుడ్డ కొని మళ్లీ కుట్టాడు. ఆ దసరాకి మాకు కొత్త బట్టల్లేవు.

నానిన గుడ్డలకి మా పెరడు ఏ మూలకీ చాలేది కాదు. కరెంటు స్తంభం నుంచి ఎదురింటి వేపచెట్టు దాకా తాడు కట్టేవాళ్లు. వీధంతా ఖాకీ, నీలం, బూడిదరంగు తెరలు. మధ్యలోంచి పరిగెడితే తడిగుడ్డ మొహానికి చప్పున తగిలేది. రెండు గంటలకి షిఫ్టు దిగినవాళ్లు సైకిళ్ల మీద వస్తూ ఆ తెరల్ని చేత్తో తప్పించుకుని, "నాది ఏదే పాపా?" అని అడిగేవారు. అన్నీ ఒకటే రంగు, ఎలా చెప్పను! ఏదో ఒకటి చూపించేదాన్ని. తృప్తిగా వెళ్లిపోయేవారు.

మా కొట్లో అప్పుడు నాలుగు మిషన్లు. చొక్కాకి కాజాలు మాత్రం కొట్లో కుట్టేవారు కాదు. నాలుగిళ్ల అవతల ఉండే పిన్ని కుట్టేది. నిజానికి మాకు చుట్టం కాదు, అందరికీ ఆవిడ కాజాల పిన్నే. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ కాజాల మీదే పెంచింది. సాయంత్రం నేను మూట పట్టుకెళితే గుమ్మంలోనే కూర్చుని, చొక్కా చూడకుండా వేళ్లతో తడిమి "ఇది షిప్‌యార్డు గుడ్డ, ఇది బీహెచ్‌పీవీది" అని చెప్పేసేది. ఎలాగో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తర్వాత ఇస్త్రీ తాత. ఆయనకి బొగ్గులు అమ్మే మనిషి. బొత్తాలూ దారాలూ ఇచ్చే సేటు. ఎవరికీ ఏ కంపెనీలోనూ ఉద్యోగం లేదు. కానీ గుడ్డ పంచడం నెలరోజులు ఆలస్యమైతే అందరి ఇళ్లలోనూ తెలిసేది.

* * *

ఈ నోటుబుక్కుల్లో నాకు ఇష్టమైనవి నడుములు. ఒక వెల్డరు ఉన్నాడు, మొదటి పుస్తకంలో నడుము 28. తర్వాత 29. రెండో పుస్తకంలో 31. మూడోదానికి 34 వచ్చి, పక్కన "పొట్ట కింద" అని నా అక్షరాలు. కొత్త వేతన ఒప్పందం జరిగి ఎరియర్స్ పడిన ఏడాది మొత్తం పేజీ అంతా అంగుళం పెరిగింది. "జీతం పెరిగినట్టు పేపరోడి కంటే ముందు మనకే తెలుస్తాది" అనేవాడు నాన్న. అందుకే ప్యాంటు వెనక కుట్టులో రెండంగుళాల గుడ్డ దాచి వదిలేవాడు. "పర్మినెంటు మనిషి, పెరుగుతాడు" అని.

నడుములు కాకపోతే చేపలు. ఒకటో తారీఖు తర్వాత వచ్చే ఆదివారం గాజువాక మార్కెట్లో వంజరం తొమ్మిదింటికల్లా అయిపోయేది. రెండో ఆదివారం కోనాం. నెలాఖరుకి అందరి సంచుల్లోనూ కవళ్లే. అమ్మ ఈ లెక్క బాగా ఎరుగును. వంజరం దొరకని ఆదివారం ఇంటికొచ్చి "ఈ నెల నీకు బాకీలు వసూలవుతాయిలే" అని నాన్నతో చెప్పేది. తప్పేది కాదు.

ఇవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆ వయసులో తెలీదు. కొండలూ సముద్రమూ ఉన్నట్టే కంపెనీలూ ఉంటాయనుకున్నాను. సింధియా జంక్షన్ అంటే ఏదో ఉత్తరాది రాజుగారి పేరనుకున్నాను. అది ఒక ఓడల కంపెనీ పేరని చాలా ఆలస్యంగా తెలిసింది. వాల్‌చంద్ హీరాచంద్ 1941లో పునాది వేయించిన ఓడల యార్డు, 1948లో నెహ్రూ వచ్చి 'జల ఉష'ని నీళ్లలోకి దింపిన యార్డు, తర్వాత సర్కారు చేతికొచ్చి హిందూస్థాన్ షిప్‌యార్డ్ అయింది. పాత కంపెనీ పోయినా జంక్షన్ సింధియాగానే ఉండిపోయింది. భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసెల్స్, అంటే మా బీహెచ్‌పీవీ కూడా అంతే, 2013లో బీహెచ్‌ఈఎల్‌లో కలిసిపోయింది. బస్సులో మాత్రం ఇప్పటికీ "బీహెచ్‌పీవీ దిగేవాళ్లు రండి" అనే వినిపిస్తుంది.

ఉక్కు కర్మాగారం కథ వేరు, అది అడిగి తెచ్చుకున్నది. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అంటూ రాష్ట్రమంతా రోడ్డెక్కితే 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగేసరికి 1990. దానికి గోదావరి అని పేరు పెట్టారు, రెండోదానికి కృష్ణ. 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఆ నేల కోసం 64 ఊళ్లు ఖాళీ అయ్యాయి. వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ కాలనీల నుంచి మా కొట్టుకి వచ్చేవాళ్లలో కొందరు జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి అందులోంచి డబ్బులు ఇచ్చేవారు. ఆ కవర్లోనే మడతపెట్టిన ఆర్ కార్డు కూడా ఉండేది, నిర్వాసితుడు అని రుజువు. చొక్కా కొలత ఇవ్వడానికి వచ్చినా ఆ కార్డు దగ్గరే ఉండాలి. ఉద్యోగం పిలుపు ఎప్పుడు వస్తుందో ఎవరికి తెలుసు? ఆ కార్డులు పట్టుకుని ఇంకా ఎదురుచూస్తున్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి.

ఆ ఫర్నేసులు వెలిగిన ఏళ్లలోనే నాన్న మూడో మిషను, నాలుగో మిషను కొన్నాడు.

* * *

వీఆర్‌ఎస్ అన్న మాట మొదట కొట్లోనే విన్నాను. జబ్బు పేరనుకున్నాను. "ఫలానా ఆయన వీఆర్‌ఎస్ పుచ్చుకున్నాడంట" అని గొంతు తగ్గించి చెప్పేవారు మరి. కంపెనీ ఇచ్చే డబ్బు తీసుకుని గడువుకి ముందే ఉద్యోగం వదులుకోవడమని తర్వాత తెలిసింది.

దేశమంతటా ప్రభుత్వ కంపెనీల్లో మనుషుల్ని తగ్గిస్తున్న కాలం అది. 2002లో హిందూస్థాన్ జింక్‌ని కేంద్రం ప్రైవేటు చేతికి ఇచ్చేసింది. మింది పక్కన ఉన్న ఇక్కడి స్మెల్టరు మరో పదేళ్లు నడిచి 2012లో ఆగిపోయింది. మిగతా కంపెనీల్లో రిటైరైన మనిషి స్థానంలో కొత్త మనిషి రావడం మానేశాడు. బయటి వాళ్లకి ఇది కనిపించదు. ఎవరినీ తీసెయ్యలేదు, ఎవరూ రోడ్డున పడలేదు, పేపర్లోనూ రాదు. నాన్నకి మాత్రం కనిపించేది. ఎవరైనా కంపెనీ వదిలేస్తే పుస్తకంలో వాళ్ల టోకెన్ నంబరు మీద ఎర్రసిరాతో గీత కొట్టాలి. నేను పెళ్లై వెళ్లిపోయాక కూడా ఆ పని నాకోసమే ఆపేవాడు. ఒక సంక్రాంతికి వస్తే, చీటీ మీద నంబర్లన్నీ రాసిపెట్టి ఉన్నాయి. ఒక్క కూర్చోవడంలో పందొమ్మిది గీతలు కొట్టాను. అరిసెలు తింటూ కొట్టాను, అది గుర్తుంది.

పెట్టెలో ఉన్న ఖాకీ గుడ్డ ఆ గీతల్లో ఒకాయనది. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. గుడ్డ ఇచ్చి, కొలత ఇచ్చి వెళ్లాడు. వారం తర్వాత షిఫ్టు లేని వేళ వచ్చి బల్ల మీద కూర్చున్నాడట. నాన్న చెప్పిందే నేను చెబుతున్నాను.

"కుట్టీసేవా?"

"నానబెట్టాలి బావా. ఎల్లుండి ఇచ్చెత్తాను."

"ఒద్దులే. రాసిచ్చీసేను. ఈ నెలాఖరుతో అయిపోద్ది."

నాన్న గుడ్డ మడతపెట్టి చేతికిచ్చాడు. ఆయన తీసుకోలేదు. "ఇంటికి పట్టికెళ్తే మీ అక్క ఏడుస్తాది. నీకాడే ఉండనీ" అన్నాడు. నాన్న చీటీ గుచ్చి దాచాడు.

చేతికొచ్చిన డబ్బుతో పెద్దకూతురి పెళ్లి అయింది. మిగిలింది కొడుక్కి ఆటో కొనిచ్చాడు. ఆ సంవత్సరం గాజువాకలో ఆటోలు ఎంతలా పెరిగాయంటే, స్టాండులో సవారీల కంటే ఆటోలే ఎక్కువ. ఎక్కేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? రోజూ షిఫ్టుకి వెళ్లేవాళ్లే కదా తగ్గింది!

* * *

పని మాత్రం తగ్గలేదు. పనిచేసే మనిషి మారాడు. పాత మనిషికి టోకెన్ నంబరు, కొత్త మనిషికి గేట్‌పాస్. టెండరు మారితే కాంట్రాక్టరు మారతాడు, మనిషి అదే, మిషనూ అదే, పాస్ కొత్తది. గుడ్డ లేదు, కుట్టుకూలి లేదు. నాన్న పుస్తకంలో వీళ్లకి పేజీయే లేదు. రోజూ మా కొట్టు ముందు నుంచే వెళ్లేవారు, టీ కూడా పక్క బడ్డీలోనే తాగేవారు. కొలతలు ఇవ్వాల్సిన అవసరం రాలేదు, రెడీమేడ్ కొనుక్కునేవారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. దర్జీలను రెడీమేడ్ తినేసిందని అందరూ అంటారు, అందులో సగం నిజం. జీన్స్ వేసుకునే కుర్రాడు పర్మినెంటు ఉద్యోగైనా మా నాన్న దగ్గరికి వచ్చేవాడు కాదు. కాజాల పిన్ని చిన్నకూతురు అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీలో చేరింది, తెల్లారకుండా కంపెనీ బస్సు ఎక్కేది. అక్కడ కాజా మిషను ఒక్క గంటలో కుట్టేది తల్లి వారం రోజుల్లో కుట్టలేదు. తల్లి ఆ మాట విని "మిషను కాజా ఊడిపోద్ది" అని ఒక్క ముక్క అని ఊరుకుంది. ఆ మిగతా సగం సంగతి మాత్రం ఎవరూ మాట్లాడరు. నాన్నకి రెడీమేడ్ దెబ్బ మెల్లగా తగిలింది. గుడ్డ ఆగిపోయిన దెబ్బ ఒక్కసారే తగిలింది.

మా వీధిలోనే ఉండే ఒకబ్బాయి, నాకు వరసకి బావ, ఇరవై ఏళ్లు కాంట్రాక్టు మీదే ఒక కంపెనీలో చేశాడు. ఒకసారి రెడీమేడ్ ప్యాంటు పట్టుకొచ్చి నడుము పట్టించమన్నాడు. "కోసిన గుడ్డ లోపల ఉంచనా, పారేయనా?" అని అడిగాడు నాన్న, అలవాటు కొద్దీ. "ఉంచి ఏటి చేస్తాను మావా" అన్నాడు. ఆ తర్వాత ఒక నెల పాస్ రెన్యూ కాలేదు. మళ్లీ అదే ప్యాంటుతో వచ్చాడు. ఈసారి కాళ్లు కోసి సంచి కుట్టమన్నాడు. నడుముకి కట్టుకునేది, రెండు అరలది, ఒకటి చిల్లరకి, ఒకటి నోట్లకి. తోపుడు బండి మీద కూరగాయలు పెట్టుకున్నాడు. నాన్న రెండు అరలకీ డబుల్ కుట్టు వేసి ఇచ్చి కూలి తీసుకోలేదు. దానికి బదులుగా బావ నెలరోజులు ములక్కాడలు ఇచ్చాడు. అమ్మకి ములక్కాడల మీద విరక్తి పుట్టింది.

* * *

హుద్‌హుద్ తుఫాను రోజు కొట్టు రేకులు లేచిపోయాయి. నాలుగు మిషన్లలో రెండే మిగిలాయి. వాటిల్లో ఒకటి తర్వాత అమ్మేశాడు. నోటుబుక్కులు మాత్రం బియ్యం డబ్బాలో పెట్టి కాపాడాడు, ఎందుకో. అప్పటికే ఆ పుస్తకాల్లో గీత కొట్టని నంబర్లు వెతుక్కోవాలి.

2021 జనవరిలో ఉక్కు కర్మాగారంలో నూటికి నూరు శాతం వాటా అమ్మేస్తామని కేంద్రం నిర్ణయించింది. కూర్మన్నపాలెం జంక్షన్‌లో టెంటు వేసి రిలే దీక్షలు మొదలుపెట్టారు. నాన్న, ఇంకో ముగ్గురు ముసలి దర్జీలు కలిసి ఒక పూట వెళ్లి కూర్చున్నారు. మెడలో టేపులు వేసుకునే వెళ్లారట. అక్కడ ఎవరో "మీరు ఏ డిపార్ట్‌మెంటు?" అని అడిగితే నాన్న "నడుములు" అన్నాడని తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. చాలా రోజులు దానికే నవ్వుకున్నాం.

సొంత గనులు లేవు, ఖనిజం బయట కొనుక్కోవాలి, అప్పుల వడ్డీ మోయలేరు అని టీవీలో చెబుతుంటే నాన్న శ్రద్ధగా వినేవాడు. "గుడ్డ కొనుక్కుని కుట్టే దర్జీ ఎక్కడైనా బతికాడా?" అనేవాడు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించినప్పుడు సంతోషించాడు, అమ్మచేత పాయసం కూడా చేయించాడు. ఆ వెంటనే వీఆర్‌ఎస్, ఆ వెంటనే కాంట్రాక్టు వాళ్ల తొలగింపులు, మే నెలలో సమ్మె. "డబ్బులొచ్చేయి కదా, మరి మనుషులెందుకు పోతన్నారు?" అని నన్ను అడిగాడు, చదువుకున్నదాన్నని. లెక్కలు చెప్పాను. ఖర్చు తగ్గించుకోవాలని షరతులు ఉంటాయని చెప్పాను. విని, "సరేలే" అన్నాడు.

ఆ నెల వచ్చినప్పుడు నేనూ ఆదివారం మార్కెట్‌కి వెళ్లాను. పన్నెండు దాటింది. వంజరం ఇంకా ఉంది, ఐసు కరిగిపోయి నీళ్లోడుతోంది. అమ్మే ఆవిడ ఈగలు తోలుతూ "రామ్మా, రేటు తగ్గించి ఇత్తాను" అని పిలిచింది.

* * *

తమ్ముడు ఇప్పుడు మాల్‌లో ఆల్టరేషన్ కౌంటరు దగ్గర కూర్చుంటాడు. కొత్త జీన్స్ కాళ్లు కత్తిరించి కుట్టడం. వెనక కుట్టులో గుడ్డ వదలడం వాడికి వచ్చు గానీ, అక్కడ అడిగేవాళ్లు లేరు.

"అప్పా, ఈ గుడ్డ ఏటి చేద్దాం?" అన్నాడు.

చీటీ మీద పేరు చదవడానికి లేదు, కొలతలు మాత్రం ఉన్నాయి. ఆ పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది. కొడుకు ఆటో అమ్మేసి హైదరాబాదు వెళ్లిపోయాడని విన్నాం. గుడ్డ పట్టుకుని కాజాల పిన్ని దగ్గరికి వెళ్లాం, ఎందుకు వెళ్లామో మాకే తెలీదు. ఆవిడకి చూపు బాగా తగ్గింది. నన్ను గొంతు బట్టి గుర్తుపట్టింది. పేపరు విప్పి గుడ్డ ఒళ్లో పెట్టాను. బొటనవేలితో రెండుసార్లు రాసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది, కంపెనీ పేరు ఠక్కున చెప్పేసింది. కరెక్టే.

"ఎవరిదీ, కొత్తగా ఇచ్చేరా ఏటి?" అంది.

లేదు పిన్నీ, పాతదే అన్నాను. వినలేదో, విని పట్టించుకోలేదో తెలీదు. గుడ్డ మడత సరిచేసి నా చేతిలో పెట్టింది.

"ఈ రకం బాగా కుంచించుకుపోద్ది. మీ నాన్నకి సెప్పు, రాత్రికి నానెయ్యమని."